శుభ్రమైన రోగులు నలుగురు

1978 ఫిబ్రవరి పదిహేనో తేదీ, తనిఖీ కమిటీ వచ్చే రోజు జరగవలసిన పనులు:

ఒకటి. ఆరోగ్య కేంద్రానికి సున్నం కొట్టించాలి. ముందువైపు చాలు.
రెండు. బరువు తూచే యంత్రం మీద పావురాలు పెట్టిన గూడు తీసేయాలి.
మూడు. మందుల బీరువా అద్దాలు తుడవాలి. తాళం మాత్రం తీయరాదు.
నాలుగు. వార్డెను గారి ఇంటి నుంచి రెండు మంచాలు తెచ్చి, ఉన్న రెండింటి పక్కన వేయాలి.
ఐదు. మంచాలు ఖాళీగా కనపడరాదు. నలుగురు రోగులను సిద్ధం చేయాలి. రోగులు శుభ్రంగా, ఆరోగ్యంగా ఉండాలి.
ఆరు. బత్తాయిల బుట్ట ఒకటి. కమిటీ వెళ్ళేదాకా రోగులు ముట్టరాదు.
ఏడు. మధ్యాహ్నం రెండు గంటలకు కమిటీ వారికి అహోబిలం దర్శనం. ఎట్టి పరిస్థితిలోనూ ఆలస్యం కారాదు.

చెప్పినది మా ఫిజికల్ డైరెక్టరు శేషయ్య సారు. రాసినది నేను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. పైగా నా చేతిరాత బాగుంటుంది. ఈ రెండు అర్హతలతో నంద్యాలలో మా డిగ్రీ కాలేజీ విద్యార్థి సంఘానికి ఆరోగ్య కార్యదర్శినయ్యాను.

ఆరోగ్య కేంద్రమంటే ఆటస్థలం చివర రెండు గదులు, ఒక వరండా. డాక్టరు గారు మంగళవారం, శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా వచ్చేవారు. తక్కిన రోజుల్లో జబ్బు పడటాన్ని క్రమశిక్షణ లేకపోవడంగా పరిగణించేవాళ్ళం. మాత్ర కావాలంటే వార్డెను చీటీ ఇవ్వాలి, దాని మీద ట్యూటరు సంతకం పడాలి, ఆ సంతకం మీద ప్రిన్సిపాలు గారి ముద్ర పడాలి. ఇవన్నీ అయ్యేసరికి మామూలు జ్వరాలు వాటంతటవే తగ్గిపోయేవి. మా కేంద్రంలో మందు లేకుండా నయమైన వాళ్ళే ఎక్కువని సారు మీటింగుల్లో గర్వంగా చెప్పేవారు.

ఆయా జీవమ్మది ఆళ్లగడ్డ. మిషన్ ఆసుపత్రిలో పదహారేళ్ళు పనిచేసి, మోకాళ్ళ నొప్పులతో తేలిక పని వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చింది. వారంలో ఐదు రోజులు ఆ రెండు గదుల్లో జబ్బంటే ఏమిటో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకని ఆమెకు ఊడ్చే పని ఇచ్చారు.

పదిహేనో తేదీ బుధవారం. నా గదిలోనే ఉండే మద్దిలేటికి ముందురోజు సాయంత్రం, డాక్టరు గారు వెళ్ళిన అరగంటకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. చీటీలు, సంతకాలు లేకుండానే జీవమ్మ వాణ్ణి ఒక మంచం మీద పడుకోబెట్టి, తెల్లవార్లూ ఉప్పేసిన గంజి పట్టింది. తాగింది తాగినట్టు బయటికి వస్తూనే ఉంది.

ఎనిమిది గంటలకు శేషయ్య సారు వచ్చి చూశారు.

"ఈడెవడప్పా?"

"రోగి సార్."

"రోగికి ఈడేం పని? కమిటీ వచ్చే పొద్దు! ఐదో పాయింటు ఏం రాసినావ్?"

"రోగులు శుభ్రంగా, ఆరోగ్యంగా ఉండాలి సార్."

"వీడుండాడా అట్ల?"

"లేడు సార్."

"మళ్ళ?"

ఇద్దరం పట్టి మద్దిలేటిని వెనక ఆటసామాను గదిలోకి మార్చాం. వాలీబాల్ నెట్టు మడిచి తల కింద పెట్టాను. సాటి మనిషికి చేయగలిగినంత చేశాననే అనుకున్నాను.

వాడి మంచం కబడ్డీ జట్టుకు దక్కింది. సారు నలుగురిని ఎంపిక చేసి తలా ఒక జబ్బు పంచారు: తలనొప్పి, బెణుకు, దగ్గు, నీరసం. బెణుకు వచ్చినవాడు లేచి నిలబడి, "సార్, ఏ కాలికి సార్?" అని అడిగాడు. నీరసం వచ్చినవాడు జట్టులో అందరికంటే లావు. వాడి చూపు అప్పటికే బత్తాయిల మీద ఉంది.

జీవమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏమప్పా సెక్రెట్రీ, ఆ పిల్లోని కండ్లు చూసినావా? గుంతలు పడిండాయి. తోలు పట్టి గుంజితే గుంజినట్టే నిలబడతాంది. రాత్రి నుంచి ఒంటికి పోలేదు వాడు."

"పన్నెండు దాకా ఓర్చుకో జీవమ్మా. కమిటీ పోతానే మంచం మీదికి తెద్దాం."

"పన్నెండు దాకా వాడుంటాడని నీకెవరు చెప్పినారు? అదీ లిస్టులో రాసిండారా?"

బీరువాలో ముందు వరుసన రెండు సెలైను సీసాలు ఉన్నాయి. ధైర్యం చేసి సారును తాళం చెవి అడిగాను.

"అవి తీస్తే ముందర బోడిగా కనపడదా? చదువుకుంటాండావు, ఆ మాత్రం తెలీదా?" అన్నారాయన.

సిగ్గుపడ్డాను. అడగవలసినంత గట్టిగా అడగనందుకు కాదు, అసలు అడిగినందుకు.

పదిన్నరకు కమిటీ అంబాసిడర్ కారులో దిగింది. ముగ్గురు పెద్దలు, ఒక డ్రైవరు. సున్నాన్ని మెచ్చుకున్నారు. బరువు యంత్రం మీద ఒకరు ఎక్కి, అది ఎటూ కదలకపోవడం చూసి తృప్తిగా దిగారు. అధ్యక్షుడు రెండో మంచం దగ్గర ఆగి, "ఏం బాబూ, ఏం జబ్బు నీకు?" అని అడిగారు. పిల్లవాడు తడుముకుని, "ఏది రాసుంటే అది సార్" అన్నాడు. వినయం బాగుందని అధ్యక్షుడు మెచ్చుకున్నారు.

నేను కిటికీ పక్కన బత్తాయిల బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. కిటికీ అవతలే కారు. డ్రైవరు గురవయ్యది వెలుగోడు. స్టీరింగు మీద తల పెట్టి కునుకు తీస్తున్నాడు. జీవమ్మ గొంతు వినపడింది.

"అబ్బీ, బేగా లెయ్. సారోళ్ళు కారు తీయమన్యారు."

"ఏ సారోళ్ళు?"

"లోపల తెల్ల సొక్కాయిలేసుకోని నవ్వుతాండారే, వాళ్ళు. మిషన్ ఆసుపత్రికి పోవల్లంట."

"మనిషిని చూస్తే పోయేట్టుండాడు కదమ్మా! సీటు పాడైతే?"

"సీటు కడిగితే పోతాది. వీడు పోతే నువ్వు తెచ్చిస్తావా?"

మద్దిలేటి ఆమె భుజం మీద ఉన్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆరడుగుల కుర్రవాణ్ణి మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది. తలుపు మూస్తూ ఒక్కసారి కిటికీ వైపు చూసింది. నేను అరవలేదు, అది నిజం. పరుగెత్తి వెళ్ళి ఒక చెయ్యి వేయనూ లేదు. నా చేతుల్లో ఆరో అంశం ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలకు, భోజనాలు ముగించి అధ్యక్షుడు బయటికొచ్చి, "కారేదీ?" అన్నారు.

వాచ్‌మన్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ప్రిన్సిపాలు గారి ముఖం మేం కొట్టించిన సున్నం రంగుకు వచ్చింది. శేషయ్య సారు మాత్రం చెక్కుచెదరలేదు.

"అదే సార్ మా అత్యవసర ఏర్పాటు. రోగం ముదిరిందంటే నిమిషంలో తరలించేస్తాం."

"మా కార్లోనా?"

"ఏ కారు ముందుంటే ఆ కారు సార్. రోగి దగ్గర మాకు మీది, మాది అని తేడాల్లేవు."

కారు మూడున్నరకు వచ్చింది. గురవయ్య సీటు కడిగి తెచ్చాడు గానీ వాసన పోలేదు. కమిటీ వారు బస్సెక్కి, ఆళ్లగడ్డ దాకా నిలబడి వెళ్ళారు. అక్కడ దిగేసరికి అహోబిలం బస్సు పోయింది. నరసింహస్వామి దర్శనం కాకుండానే ముగిసిన తనిఖీ మా కాలేజీ చరిత్రలో అదొక్కటే. ఆ నష్టాన్ని తలుచుకుని మా సార్లు చాలా రోజులు కుమిలిపోయారు. మద్దిలేటి సంగతి అడగడానికి వాళ్ళకు వీలు చిక్కలేదు.

అడిగి ఉంటే నేను చెప్పేవాణ్ణి. వాడికి ఏడు సీసాల సెలైను ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏ సీసా అక్కరలేకపోయేదని అక్కడి డాక్టరమ్మ అన్నది. తొమ్మిదో రోజు కర్రపుల్లలా తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే గంజి వద్దన్నాడు.

నెలకు నివేదిక వచ్చింది. 'రోగుల తరలింపు సౌకర్యం ప్రశంసనీయం' అని ఉంది. దానికి ఫ్రేము కట్టించి వరండాలో తగిలించారు. అదే రోజు జీవమ్మకు ఉద్యోగం తీసేస్తూ కాగితం తయారైంది. అనుమతి లేకుండా పని చోటు విడిచిపోయినందుకు, అబద్ధమాడి పెద్దల వాహనం తీసుకుపోయినందుకు, సంస్థకు చెడ్డపేరు తెచ్చినందుకు. సారు చెప్పారు, నేను రాశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. చెడ్డపేరు అని రాసిన చేత్తోనే, పక్క బల్ల మీద, ప్రశంసకు ఫ్రేము కొలతలు రాశాను.

కాగితం నేనే ఇచ్చాను. బైబిలు చదివే మనిషి, ప్రతి మాటా వేలు పెట్టి చదువుకుంది.

"రాత ముత్యాల మాదిరి ఉండాదప్పా" అన్నది. "పిల్లోడు అన్నం తింటాండాడా?"

"తింటాండాడు."

"సరే అయితే."

టిఫిను క్యారియరు, బైబిలు సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

నేను డిగ్రీ పూర్తి చేశాను, బీఎడ్ చేశాను. 1985లో ఆళ్లగడ్డ హైస్కూలుకే టీచరుగా వేశారు. బడి నుంచి జీవమ్మ ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు నడవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. తలుపు తీసింది ఆమె కూతురు లూదియా.

"అమ్మ పోయి ఏడాది కావస్తాంది సార్. మీరెవరు?"

చెప్పాను.

"ఓ, నంద్యాల సెక్రెట్రీనా? అమ్మ చెప్తాండె మీ గురించి. మంచి పిల్లోడు, ఏం చెప్తే అది చేస్తాడు అని."

ఆ మాటను పొగడ్తగా తీసుకోవడానికి చాలా ప్రయత్నించాను. ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను.

మీ పిల్లలెవరైనా నంద్యాలలో మా కాలేజీలో చేరితే, మంగళవారమో శుక్రవారమో చూసుకుని జబ్బు పడమని చెప్పండి. వేరే రోజు పడితే తాళం ఎదురవుతుంది. ఊరికే నిలబడకుండా, వరండాలో ఫ్రేము కట్టిన ఆ నివేదిక చదవమనండి. మూడో వరుసలో 'తరలింపు సౌకర్యం' అని ఉంటుంది. కాలేజీకి ఏనాడూ బండి లేదు. ఆ సౌకర్యం పేరు జీవమ్మ. ఆ పేరు ఎక్కడా రాసి లేదు. రాయవలసిన చోట నేను రాయలేదు గనుక, దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి.