సాగే పట్టీ

చార్మినార్ వెనక గల్లీల్లో పదహారేళ్లుగా ఉత్తరాలు పంచుతున్న ఎల్లప్ప, ఆ వానాకాలం ఒక పాత ఇంటి మెట్ల మీద కాలుజారి పడ్డాడు. ఎముక విరగలేదు గానీ కుడి మోకాలు మెలిపడి బాగా వాచింది. భార్య ఆగమ్మ అతణ్ని రిక్షాలో ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నూనె రాసి, వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టి, ఇరవై ఒక్క రోజులు కాలు కదిలిస్తే తన పూచీ లేదన్నాడు. ఎల్లప్ప కదల్చలేదు.

కట్టు విప్పేసరికి వాపు పోయింది, తొడ మాత్రం సన్నబడింది. మెట్టు దిగితే మోకాలి చిప్ప పక్కకు జారుతున్నట్టు నొప్పి. ఆసుపత్రికి వెళితే డాక్టరు కసరత్తు గదికి పంపాడు. అక్కడ పనిచేసే రాహేలు అతని మోకాలి మీది వెంట్రుకలు గీసి, రబ్బరులా సాగే పట్టీ ఒకటి అంటించి, చిప్పను లోపలివైపు లాగిపట్టింది. మెట్టు దిగమంది. దిగాడు. నొప్పి సగానికి సగం తగ్గింది. ఎల్లప్పకు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది.

“ఇందుల ఏం మందున్నదమ్మా?”

“మందేం లేదన్నా. ఉత్త పట్టీ. చిప్పను జర పట్టుకుంటది, గంతే. నడిచేది నువ్వే.”

రోజూ తొడ బిగించే కసరత్తు చేయమంది, నడవమంది. కదిలితే కాలు పోతుందని ఒకరు, కదలకపోతే పోతుందని ఇంకొకరు. ఇద్దరూ అంతే నమ్మకంగా చెప్పారు. ఎవరి మాట వినాలో తెలియక ఎల్లప్ప కసరత్తు చేస్తూనే భయపడ్డాడు. పహిల్వాన్ కంటబడకుండా చుట్టుతోవన తిరిగాడు. అయినా ఒకరోజు ఎదురుపడనే పడ్డాడు. ఆ పెద్దాయన వంగి, పట్టీ అంచును గోటితో లాగి చూసి, తన దారిన వెళ్లిపోయాడు. అది కోపమో మెప్పో ఎల్లప్పకు అంతుబట్టలేదు.

వారానికి రెండుసార్లు రాహేలు పట్టీ మార్చేది. ఆరోవారం పాతది ఊడదీసి కొత్తది వేయలేదు. అతను అడిగితే, ఇక అక్కర్లేదంది.

“ఇది లేకుంటె నేను మెట్లు దిగలేనమ్మా,” అన్నాడు ఎల్లప్ప.

“పోయిన రెండుసార్లు నేను పట్టీని లాగలేదన్నా. ఊరికె అంటిచ్చిన. నువ్వు దానితోనే దిగినవ్.”

ఆ వారం రోజులూ నొప్పి లేదన్నది నిజం. పట్టీ పట్టుకుంటోందన్న ధైర్యంతోనే దిగాడన్నదీ నిజం. తనను మోసం చేసిందా, మేలు చేసిందా?

ఇంటికొచ్చి చెబితే ఆగమ్మ, “మరి తగ్గినట్టా, తగ్గనట్టా?” అంది.

ఎల్లప్ప గోడ పట్టుకుని కాలు వంచాడు, చాచాడు. తెలుస్తలేదన్నాడు. సోమవారం డ్యూటీలో చేరాడు. రెండు అంతస్తుల ఇంట్లో పైకెక్కి రిజిస్టరు ఉత్తరం ఇచ్చి, కిందికి వచ్చాక గానీ తను పట్టీ లేకుండానే మెట్లు దిగిన సంగతి గమనించలేదు. సంచీ భుజాన సర్దుకుని, తర్వాతి గల్లీలోకి నడిచాడు.