శ్రీ లేని కార్డు

బందరు వెళ్ళి సముద్రం చూసి రావాలన్న మాట ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా నలుగుతోంది. మొదటి వేసవికి ఆడపడుచు పురిటికి వచ్చింది. రెండో వేసవికి దాయాదుల్లో ఎవరో పోయి పదిరోజుల మైల పట్టింది. మూడో ఏడు కూతురు భ్రమరానికి ఆటలమ్మ పోసింది. నిరుడు పట్టాభిరామయ్యకి మిల్లులో సెలవు దొరకలేదు.

"కొల్లేరు చూశావుగా. అదీ నీళ్ళే," అనేవాడు భార్యతో.

"కొల్లేటికి అవతలి గట్టు కనిపిస్తుందండీ," అనేది కామేశ్వరి.

ఆవిడ పుట్టిల్లు కామవరపుకోట. మెట్టప్రాంతం. వేసవిలో బిందెడు నీళ్ళకోసం బావి దగ్గర గంటసేపు నిలబడి పెరిగింది. అవతలి గట్టు లేని నీళ్ళు ఒక్కసారి కళ్ళారా చూడాలని చిన్నప్పటినుంచీ కోరిక.

ఈ ఏడు యంత్రాల మరమ్మతులకని ఏలూరు జూటుమిల్లు నాలుగు రోజులు మూశారు. పట్టాభిరామయ్య అందులో గోదాము గుమాస్తా. ఆ జీతంలో సత్రాలూ హోటలు భోజనాలూ పెట్టుకుని ఊళ్ళు చూడటం అయ్యేపని కాదు. బందరులో అతని మేనత్త కూతురు కనకమ్మ ఉంది. "మా ఇంట్లో దిగండి, మీకు రైలు ఖర్చు తప్ప ఇంకేమీ ఉండదు," అని రాసింది. ఆ రైలు ఖర్చుకోసమే కామేశ్వరి ఉగాదికి చీర వద్దంది. నాలుగు నెలలనుంచి కాఫీ మానేసింది. భ్రమరానికి పదకొండేళ్ళు కనక ఈ వేసవి వరకూ సగం టిక్కెట్టు చాలు. చుట్టాలింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని, కొల్లేటినుంచి గంపలతో వచ్చే ఆడవాళ్ళ దగ్గర తామరాకులు కట్టలు కట్టలుగా కొంది. చవక, భోజనాలకి పనికొస్తాయి.

శుక్రవారం ప్రయాణం. బుధవారం మధ్యాహ్నం పోస్టుమాన్ ఎలీయాజరు వీధిలోంచి కేకేశాడు.

"కార్డండీ అమ్మగారూ! సముద్రం ఎప్పుడండీ?"

"ఎల్లుండే."

"నాకో సీసాడు పట్టుకురండి, మా ఆవిడ పప్పులో వేసుకుంటది," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

కామేశ్వరి కార్డు తిప్పి చూసింది. పైన 'శ్రీ' లేదు. 'క్షేమం' అన్న మాటా లేదు. నేరుగా 'అత్తిలి' అని మొదలైంది. ఆవిడ అక్కడే చూపు ఆపేసింది.

చావు కబురు వచ్చిన కార్డుని గుమ్మం దాటి లోపలికి తేకూడదు. వీధిలోనే చదివి, అక్కడే చింపేసి, కట్టుబట్టలతో స్నానం చేశాకే ఇంట్లోకి రావాలి. అత్తిలివాళ్ళు మగడి దాయాదులు. ఎవరు పోయినా పదిరోజుల మైల. మైలలో ఒకరింటికి వెళ్ళకూడదు, వాళ్ళ వంటింటి గాలి కూడా తగలకూడదు. కనకమ్మ ఇల్లు లేకపోతే బందరే లేదు.

కానీ వినేదాకా మైల లేదు. పదిరోజులు దాటాక వింటే మూడు రోజులే. ఈ లెక్కలన్నీ అత్తగారు నేర్పినవే. నేను చదవలేదు కదా, అనుకుంది కామేశ్వరి. వచ్చాక చదువుతాను.

"ఎవరిదే కార్డు?" అరుగు మీద వత్తులు చేసుకుంటున్న అత్తగారు వీరరాఘవమ్మ అడిగింది.

"బందరునుంచండీ అత్తయ్యగారూ. ఎప్పుడు బయల్దేరుతున్నారని."

కార్డుతో గుమ్మం దాటింది. ప్రయాణం పెట్టె అడుగున పరిచిన కాగితం కింద దాన్ని దూర్చేసింది.

శుక్రవారం తెల్లవారగానే ఏలూరులో పాసింజరు ఎక్కారు. బెజవాడలో బండి మారారు. వీరరాఘవమ్మ ఎప్పుడూ లేనంత హుషారుగా కిటికీ పక్కన కూర్చుంది. మడి అని రైల్లో ఏమీ ముట్టదు గానీ భ్రమరానికి పులిహోర తనే పెట్టింది.

"ఏరా, సముద్రం ఎక్కడొస్తుంది?"

"అది స్టేషనుకి రాదమ్మా. మనమే వెళ్ళాలి, అక్కణ్ణుంచి మూడు మైళ్ళు," అన్నాడు పట్టాభిరామయ్య. అతనూ నవ్వుతున్నాడు.

బండి గుడివాడ దాటాక కామేశ్వరికి ఒక ఆలోచన వచ్చింది. అత్తిలివాళ్ళు మనకొక్కళ్ళకే రాస్తారా? కనకమ్మకీ వాళ్ళు చుట్టాలే, తల్లివైపు. కార్డు బందరుకీ వెళ్ళి ఉంటుంది.

దిగిపోదామంటే ఏం చెప్పి దిగాలి? చెబుదామంటే ఏమని చెప్పాలి? బండి మాత్రం ఆగకుండా పోతోంది. పైన బల్లమీద పెట్టె, ఒళ్ళో తామరాకుల కట్ట. భ్రమరం ప్రతి చెరువుకీ "ఇదేనా అమ్మా?" అని అడుగుతోంది. కామేశ్వరి కాదని తల అడ్డంగా ఊపుతోంది. ఒక్కటే ఆశ మిగిలింది, ఆ కార్డు కనకమ్మకి అంది ఉండకూడదని.

కనకమ్మ వీధి తలుపు తీసి, వాళ్ళని చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆగండి, ఆగండి, అక్కడే ఆగండి!"

"అదేమిటి వదినా, గుమ్మంలోనే ఆపేశావు? సుంకం కట్టాలా ఏం?" అన్నాడు పట్టాభిరామయ్య.

కనకమ్మ నవ్వలేదు. "మీకు కార్డు రాలేదా పట్టాభీ? అత్తిలి పాండురంగారావు మామయ్య పోయాడు, మొన్న ఆదివారం. మాకు బుధవారమే తెలిసింది. మీరింక రారనుకున్నాను."

వీరరాఘవమ్మ చేతిసంచీ కింద పెట్టి మెట్టుమీద కూలబడింది. "పాండురంగడా? నా పెళ్ళిలో పల్లకీ వెంట నడిచి నన్ను వదినా వదినా అని ఏడిపించినవాడు, వాడా?" అంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"మాకే కార్డూ రాలేదే," అని పట్టాభిరామయ్య భార్యవైపు తిరిగాడు. "ఏమే, వచ్చిందా?"

"లేదండీ."

"ఆ ఎలీయాజరు ఎక్కడ పారేశాడో. వెళ్ళగానే వాడి సంగతి చెబుతాను."

కామేశ్వరి తల వంచుకుంది.

"ఏమీ అనుకోకు అత్తయ్యా," అంది కనకమ్మ. నిజంగానే బాధపడుతోంది. "లోపల మా అత్తగారున్నారు, మడి మనిషి. మా మరిది పెళ్ళి మాటలకి సాయంత్రం ఎవరో వస్తున్నారు."

"నువ్వేం చేస్తావమ్మా. మైల మైలే."

పట్టాభిరామయ్య గొంతు తగ్గించి, "పోనీ ఈ పూటకి సత్రంలో..." అన్నాడు.

"మైల మూటగట్టుకుని పదిమంది తినే చోటికా? నలుగురూ వింటే ఏమంటారు!" అంది తల్లి.

"సముద్రమో?" అంది భ్రమరం.

పెరటి దారిన బావి దగ్గరికి తీసుకెళ్ళారు. కనకమ్మ చేదతో తోడి దూరంనుంచి పోస్తుంటే ఒకరి తరవాత ఒకరు కట్టుబట్టలతో తడిశారు. బందరు బావి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. కామేశ్వరి కళ్ళు మూసుకుని ఆ నీళ్ళ కింద నిలబడింది. పెదవులమీద ఉప్పు తగిలింది. సముద్రపు గాలి కాబోలు, తడి చీర ఒంటికి కొట్టుకుంటోంది. మూడు మైళ్ళు.

వెనక వసారాలో వాళ్ళకి వేరే వడ్డించింది కనకమ్మ. వాళ్ళు తెచ్చిన తామరాకుల్లోనే.

మధ్యాహ్నం బండికే తిరిగి ఎక్కారు. పట్టాభిరామయ్య ఎదటి బల్లమీద కూర్చునే నిద్రపోయాడు. భ్రమరం నాయనమ్మ ఒళ్ళో పడుకుంది. వీరరాఘవమ్మ చాలాసేపు బయటికి చూస్తూ ఉండి, అటే చూస్తూ అంది:

"ఆ కార్డు ఇంకా పెట్టెలోనే ఉందా?"

కామేశ్వరి నిద్రపోతున్న మగడివైపు ఒకసారి చూసింది.

"నిన్న నా మడిబట్ట సర్దుతుంటే చేతికి తగిలింది. నాకు వచ్చిన అక్షరం ఒక్కటే, శ్రీ. అది లేదు దానిమీద."

"మరి... మీరు చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"చదువురానిదాన్ని. చదవలేనిదానికి మైలేమిటిలే అనుకున్నాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పాండురంగడని తెలియదు. తెలిస్తే పెట్టేదాన్ని కాదు మళ్ళీ ఆ కాగితం కింద."

కామేశ్వరి చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు, మగడు లేస్తాడని.

"ఎలీయాజరుని ఏమీ అనొద్దని అబ్బాయికి చెబుతాను. కార్డు నా చేతికే ఇచ్చాడు, ఏమిటో తెలియక పెట్టెలో పడేశానంటాను. నేనంటే నమ్ముతాడు."

"నా తప్పుకి మీరెందుకండీ మాటపడటం?"

"చదువొచ్చినదానివి, నువ్వు దాచానంటే ఊరుకుంటాడా? నోరు మూసుకో."

ఆ తప్పు ఇక అత్తగారి చేతిలో ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ బయటపెట్టదు. కామేశ్వరి ఎప్పటికీ మరిచిపోదు. ఆ రెండూ ఆవిడకి ఆ క్షణంలోనే తెలిశాయి.

పెదవులు తడుపుకుంది. ఉప్పు ఇంకా పోలేదు.

వీరరాఘవమ్మ మనవరాలి జుట్టు సవరించింది. "మళ్ళీ వేసవికి దీనికి పన్నెండు నిండుతాయిగా?"

"నిండుతాయండీ."

"అయితే పూర్తి టిక్కెట్టే," అని ఆవిడ కిటికీ తలుపు కిందికి దించేసింది.