మొహమాటానికి ఒక నియమం

ఆ పొద్దు అంబ్రీన్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. బోథ్ పత్తి మార్కెట్ యార్డులో లోడు ట్రాక్టర్ల మధ్య అటు ఇటు తిరుగుతూ, కనపడ్డవాళ్లనల్లా పలకరిస్తూ, చేతిలో చాయ్ చల్లారిపోయిందని కూడా చూసుకోవడం లేదు. చూసుకునే సందేది? ఆమె, ఆమె తోటివాళ్లు ఇద్దరు, కరీంనగర్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని తయారుచేసిన టోకెన్ సాఫ్ట్‌వేర్ ఇంకాసేపట్లో రైతుల ఫోన్లు మోగించబోతోంది. ఇన్నాళ్లూ పత్తి తెచ్చిన రైతు తన వంతు ఎప్పుడొస్తుందో తెలియక గేటు బయట పడిగాపులు కాసేవాడు. ఇకమీద ముందురోజే ఫోనొచ్చి, రేపు ఫలానా వేళకు రా అని చెబుతుంది. వాన పడి యార్డు మూసేస్తే, రావద్దని కూడా చెబుతుంది.

అంతా బాగానే ఉంది గానీ, షెడ్డు కింద కుర్చీలో పద్మలత మేడం కూర్చుని ఉంది. ఈ పనికి డబ్బు పెడుతున్న హైదరాబాద్ సంస్థ నుంచి వచ్చిన మనిషి. సాఫ్ట్‌వేర్ ఎలా ఉందో చూడటం ఒక్కటే ఆమె పని కాదు, దాన్ని ఏ పద్ధతిలో చేశారో చూడాలి. పద్ధతి నచ్చకపోతే పని మొత్తం పెద్ద కంపెనీకి పోతుంది. అంబ్రీన్‌కు చేతిలో ఉన్నది ఈ ఒక్క పనే. ఇది పోతే గదికి తాళం పడుతుంది, ముగ్గురూ తలో దిక్కు ఉద్యోగాలు వెతుక్కోవాలి.

ఆ పద్ధతి కథ కొంచెం చెప్పుకోవాలి. పని ఒప్పుకున్న రోజునే సంస్థవాళ్లు ఇటుకంత పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఎలా చేయాలో అందులో రాసి ఉంది. ఒకరు రాయాలి, ఇంకొకరు సరిచూడాలి, మరొకరు పరీక్షించాలి, వేరొకరు ఆమోదించాలి, ఏదన్నా మార్చాలంటే ఒక కమిటీ కూర్చోవాలి. పుస్తకం రాసినవాళ్లను అనడానికి లేదు. వాళ్లు మేడల నిండా మనుషులున్న కంపెనీల కోసం రాశారు. ఇక్కడ చూస్తే కమిటీకి కుర్చీలున్నాయి గానీ కూర్చునేవాళ్లు లేరు.

ఉపాయం కనిపెట్టింది భానుప్రసాద్. బెల్లంపల్లి పిల్లవాడు, కోడు రాయడంలో మెరుపు, కాగితమంటే మంట. ఒక సంచి నిండా టోపీలు తెచ్చాడు. రాసేవాళ్లకు క్రికెట్ టోపీ, పరీక్షించేవాళ్లకు తన బాపు బొగ్గుగనిలో పెట్టుకున్న హెల్మెట్, ఆమోదించేవాళ్లకు మంకీ క్యాప్. ఎవరు ఏ పని చేస్తే ఆ టోపీ. క్రికెట్ టోపీలో తాను రాసిన కోడును తానే హెల్మెట్ పెట్టుకుని పరీక్షించి, మంకీ క్యాప్ తగిలించుకుని ఆమోదించి, "శభాష్ భానూ" అని తన భుజం తానే తట్టుకునేవాడు. కింద బ్యాటరీల దుకాణం నడిపే అంబ్రీన్ తండ్రి నిజాముద్దీన్ ఒకసారి చాయ్ ఇద్దామని పైకొచ్చి, ఎండాకాలంలో మంకీ క్యాప్ పెట్టుకున్న కూతుర్ని చూసి, "తబియత్ మంచిగున్నదా బేటా?" అని పరేషాన్ అయ్యాడు.

నవ్వులాట ఎన్నాళ్లో సాగలేదు. యార్డువాళ్లకు చూపించిన రోజు, ఒకే వేళకు ఒకే గేటుకు ఇద్దరు రైతులకు టోకెన్లు వెళ్లాయి. అందరి ముందూ పరువు పోయింది. తిరిగొచ్చే బస్సులో నవ్యశ్రీ మెల్లగా నోరు విప్పింది. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటి పిల్ల, మాట తక్కువ, చూపు పదును.

"అది నేను ముందే చూసిన అక్కా."

"చూస్తే ఎందుకు చెప్పలేదే?"

"అన్న రెండు రోజులు తిప్పలువడి చేసిండు. ఏమనుకుంటడో అని ఊకున్న."

అంబ్రీన్‌కు కోపం రావాల్సింది. రాలేదు, అసలు తప్పు ఎక్కడుందో దొరికినట్టు ఒళ్లు ఝల్లుమంది. మర్నాడు పుస్తకం ముందేసుకుని ఒక్కో నియమాన్నీ ఒకటే ప్రశ్న అడిగింది. ఎవరికి ఏం దెబ్బ తగిలితే నిన్ను రాశారు? చాలా నియమాలు, ఒకరి మొహం ఒకరికి తెలియని మనుషుల మధ్య వచ్చే తగాదాల కోసం పుట్టినవి. ఒకే గదిలో ఒకే ఫ్లాస్కు చాయ్ తాగే ముగ్గురికి వాటితో పనిలేదు. వాటిని కొట్టేసింది. కానీ ముగ్గురి గదిలో ఉండే జబ్బు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. దాని పేరు మొహమాటం.

అప్పుడు ముగ్గురూ కూర్చుని సొంత పద్ధతి రాసుకున్నారు. ఒక్క కాగితం. ఎవరు చేసింది వాళ్లే విడుదల చేయొద్దు. చేయనివాళ్లు ఫోను చేతపట్టి, అన్నీ సక్రమంగా నడిచే మంచి రోజూ చూడాలి, వానొచ్చి యార్డు మూసేసే చెడ్డ రోజూ చూడాలి. ఎవరు "ఆగు" అన్నా, అది చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా, పని ఆగాలి. అంబ్రీన్‌కు ఆ సాయంత్రం ఎగిరి గంతేయాలనిపించింది. నిజానికి ఎగిరింది కూడా, కింద దుకాణంలో దుమ్ము రాలిందని నిజాముద్దీన్ అరిచేదాకా.

ఆ కాగితాన్నే ఇప్పుడు పద్మలత మేడం కళ్లద్దాలు సర్దుకుని చదువుతోంది. చదివి, నవ్యశ్రీని పిలిచింది.

"రాసుడైతే మంచిగ రాసిండ్రు. కానీ అమ్మా, నీకు జీతమిచ్చేది అంబ్రీన్. ఆమె తప్పు చేస్తే నువ్వు ఆగు అంటవా?"

నవ్యశ్రీ తల వంచుకుంది. జవాబు రాలేదు. పద్మలత పెదవి విరిచింది. పోనీలే, పని చూస్తే ఆమే ఒప్పుకుంటుంది అని అంబ్రీన్ ధైర్యం చెప్పుకుంది. ఎందుకంటే అంబ్రీన్ దగ్గర ఎవరికీ చెప్పని సంబరం ఒకటి ఉంది. నిన్న సాయంత్రం సుమన్‌బాయి అనే రైతు, "మరాఠీల చెప్తదా ఫోను?" అని అడిగింది. సరిహద్దు ఊరు, ఇక్కడ సగం ఇళ్లలో మరాఠీయే మాట్లాడతారు. చెప్తది, ఎందుకు చెప్పదు అని అంబ్రీన్ మాటిచ్చింది. హోటల్ నడిపే మనిషితో మరాఠీలో మాటలు రికార్డు చేయించి, పొద్దున లాడ్జిలో కూర్చుని తనే అతికించింది. తన ఫోనుకు చేసుకుంటే గణగణా మోగింది. ఇంకేం కావాలి?

రైతులు షెడ్డు చుట్టూ మూగారు. అంబ్రీన్ ల్యాప్‌టాప్ మీదికి వంగింది.

"అక్కా, ఆగు."

గొంతు చాలా చిన్నగా వచ్చింది. అయినా అందరికీ వినపడింది.

"ఏందే?"

"మరాఠీ కొత్తగ కనపడుతుంది. నేను చూడలే, అన్న చూడలే."

"నేనే పెట్టిన. బరాబర్ మోగింది. నాకు తెల్వదా?"

"నువ్వే చేసినవ్, నువ్వే చూసినవ్." నవ్యశ్రీ తన ఫోను ముందుకు చాపింది. "గిప్పుడే నేను చూసిన. మంచి రోజు మోగింది. చెడ్డ రోజు మోగుత లేదు."

"గిప్పుడా చెప్పుడు? గీ మేడం ముందటనా?" అంబ్రీన్ పళ్ల బిగువున అంది. మొహం జేవురించింది.

నవ్యశ్రీ వాదించలేదు. పరీక్ష కోసం ఉంచుకున్న తెరమీద, వాన వల్ల యార్డు బంద్ అన్న మీట నొక్కింది. తెలుగు ఎంచుకున్న భానుప్రసాద్ ఫోను వెంటనే మోగింది, రేపు రావద్దని చెప్పింది. మరాఠీ ఎంచుకున్న తన ఫోను మూగగా పడి ఉంది. రెండోసారి నొక్కింది. మోగలేదు. రావద్దనే మాటను మరాఠీలో రికార్డు చేయించడమే అంబ్రీన్ మరిచిపోయింది.

వానలో, మూసిన గేటు ముందు, సుమన్‌బాయి పత్తి బండి తడుస్తూ నిలబడటం అంబ్రీన్ కళ్ల ముందు కదిలింది. మిగతావాళ్లంతా ఇళ్లలో ఉంటారు, తాను మాటిచ్చిన మనిషి మాత్రం తడిసి తేమెక్కిన పత్తితో వాపసు పోతుంది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తింది. మరాఠీని తీసేసి, భానుప్రసాద్‌కు చూడమని ఇచ్చి, సుమన్‌బాయి దగ్గరికి నడిచింది.

"అమ్మా, మరాఠీ ఇయ్యాల కాదు. నేను తప్పు చేసిన. మంచిగ చేసి తెస్త. అందాక తెలుగులనే వస్తది."

"నిన్న ఒక మాట, ఇయ్యాల ఒక మాటనా?" సుమన్‌బాయి చురక వేసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే తియ్. తెలుగు సమజైతది. వానొస్తే మాత్రం చెప్పాలె."

భానుప్రసాద్ అక్కడే ఫోను చేతపట్టి మంచి రోజూ, చెడ్డ రోజూ రెండూ చూశాడు. రెండింటికీ ఫోన్లు మోగాయి. అంబ్రీన్ ఇక తప్పదని పద్మలత వైపు తిరిగింది.

"ఇందాక నేనొకటి అడిగితే ఈ పిల్ల జవాబు చెప్పలే," అంది పద్మలత. "ఇప్పుడు చెప్పింది. పని మీ దగ్గరనే ఉంటది. ఇంకా మూడు యార్డులున్నయ్, అవి కూడ మీరే చూసుకోండ్రి."

భానుప్రసాద్ ఈల వేశాడు. అంబ్రీన్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్యశ్రీని ల్యాప్‌టాప్ ముందుకు తోసింది. నవ్యశ్రీ మీట నొక్కింది.

ముందు ఒక ఫోను మోగింది. తర్వాత పక్కది. ఆ తర్వాత యార్డంతా, ట్రాక్టర్ల మీద, చొక్కా జేబుల్లో, కొంగు ముడుల్లో, తలో పాటా తలో గంటా మోగుతుంటే రైతులు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "నాది పదింటికి!" "నాది రేపు పొద్దుగాలనే!" అని అరుచుకున్నారు. సుమన్‌బాయి ఫోను చెవికి గట్టిగా ఒత్తుకుని, తలాడిస్తూ, దానికి "ఆఁ, ఆఁ" అని జవాబులు కూడా చెప్పింది. అంబ్రీన్ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

గోల కాస్త సద్దుమణిగాక నవ్యశ్రీ బిక్కుబిక్కుమంటూ పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, కోపమొచ్చిందా?"

"వచ్చింది. మస్తు వచ్చింది. ఇంకా పోలే," అని అంబ్రీన్ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మళ్లొకసారి నేను గిట్ల చేస్తే, నా కోపం చూసి మాత్రం ఊకోకే."