కారు తలుపులో పెద్దపీట

అత్తగారి పని చెక్క. అల్లుడి పని కారు. ఇద్దరి మధ్యా అమ్మాయి పని మాటల మోత.

అత్తగారి వడ్రంగం, అల్లుడి కారు స్పీకర్ల షాపు ఒకే షెడ్డులో వీపుకు వీపు ఆనించుకుని ఉంటాయి. కారు తలుపుది పల్చటి రేకు. దానికి స్పీకర్‌ను నేరుగా బిగిస్తే పాటకన్నా రేకే ఎక్కువ పాడుతుంది. అందుకని రేకుకూ స్పీకర్‌కూ మధ్య వేలి మందాన గుండ్రటి రింగు ఒకటి వేస్తారు. లోకమంతా దాన్ని రింగంటుంది. అత్తగారు మాత్రం పీట అంటుంది. కూర్చునే పీట కుదురుగా లేకపోతే ఎంతటి గొంతైనా వణుకుతుందని ఆవిడ సిద్ధాంతం. స్పీకర్లకు ఆవిడలా పెద్దపీట వేసినవాళ్లు ఇంకొకరు లేరు.

చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన ఎండీఎఫ్ పలక తెచ్చి, గుండ్రంగా కోసి, అంచులు నునుపు చేసి, మూడు పూతలు వార్నిష్ వేసి ఇస్తుంది. ఇచ్చే ముందు వేలి కణుపుతో ఒక్కటిస్తుంది. 'దబ్' అని మొద్దుగా పలికితే పాసు. 'టంగ్' అని పలికిందంటే దాని బతుకు చెత్తబుట్టలో. ఈ వీధిలో పాడే ప్రతి కారులోనూ తన పీటే ఉందని ఆవిడ ధీమా. ఆ ధీమాతోనే పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంది, షట్టర్ మొరాయించినా ఆవిడ ధీమా మొరాయించదు.

ఇక మర్యాదల సంగతి. పెళ్లయిన నాటినుంచీ అత్తా అల్లుడూ ముఖాముఖి ఒకరి మాటను ఒకరు కాదన్నది లేదు. కాదనాల్సి వస్తే అమ్మాయి ద్వారానే. అతను మూరెడు దూరంలో నిలబడి ఉన్నా సరే, "అమ్మాయ్, అంత బిగిస్తే పీట పగులుతుందని మీ ఆయనతో చెప్పు" అంటుందావిడ. "అలాగేనని మీ అమ్మగారితో చెప్పు" అంటాడతను, గోడను చూస్తూ. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఇటోసారీ అటోసారీ తలూపుతుంది.

ఆ మధ్యాహ్నం పక్క షెడ్డులో కార్లు కడిగే ఆయన తన కారేసుకుని వచ్చాడు. ఆయన్ని అందరూ నురగ అంటారు. సగం పనివల్ల వచ్చిన పేరు, సగం మాటవల్ల. పొంగడం మొదలైతే ఆగడు. గిరాకీలకు మెరుపు చూపించాలని సొంత కారును రోజూ కడుగుతాడు.

"పిన్నిగారూ, మీ పీటలకు దండం పెట్టాలి. మొదట్లో వేసినవి కొన్నాళ్లకే గరగరమన్నాయి గానీ, అల్లుడుగారు మార్చారు చూడండీ, అప్పట్నుంచి వాయించేస్తున్నాయి."

"మార్చాకా?" అంది అత్తగారు.

అల్లుడికి సరిగ్గా అప్పుడే పనిముట్ల పెట్టెలో ఏదో వెతకాల్సిన అవసరం పడింది. వీలైతే పెట్టెతో సహా చెక్కేసేవాడే. చెక్క ఆవిడది, చెక్కేయడం అతనిది.

ఆవిడ నేరుగా కారు దగ్గరికి వెళ్లి, తలుపు తెరిచి, స్పీకర్ జాలీ పక్కన కణుపుతో కొట్టింది. చెవి దగ్గర పెట్టి మళ్లీ కొట్టింది. దబ్ లేదు, టంగ్ లేదు. మధ్యలో ఏదో పరాయి గొంతు.

"అమ్మాయ్, ఈ తలుపులో ఉన్నది నా పీట కాదని మీ ఆయనతో చెప్పు."

అమ్మాయి నోరు తెరిచింది గానీ, మోయడానికి ఆ మాట చాలా బరువుగా ఉంది. అల్లుడు వచ్చి, లోపలి డోర్ ప్యానెల్ ఊడదీశాడు. స్పీకర్ వెనక తెల్లటి ప్లాస్టిక్ రింగు, కూరగాయలు తరిగే పలకలాంటి దానితో చేసింది, కనబడింది. తర్వాత నిచ్చెనేసుకుని అటక మీంచి ఒక గోనెసంచి దించి ఆవిడ ముందు పెట్టాడు.

సంచి నిండా ఆవిడ పీటలే. టీలో ముంచి మరిచిపోయిన బిస్కెట్లలా ఉబ్బి ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే అంచు పొడిపొడిగా రాలింది. ఆవిడ పేరు వీధి నోళ్లలో నానుతుంటే, ఆవిడ పీటలు వీధి తలుపుల్లో నానాయన్నమాట.

ప్లాస్టిక్‌ను చూసి కాదు ఆవిడ గుండె కలుక్కుమన్నది. ఇన్నాళ్లూ తన పని తలుపుల్లో ఉందనుకుంటే, అది అటకెక్కి కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదు?" అంది, సూటిగా అతన్నే చూస్తూ.

అల్లుడు అలవాటు కొద్దీ భార్య వైపు చూశాడు.

"నన్ను చూడకండి. నాకు మాత్రం చెప్పారా?" అంది అమ్మాయి.

"మీ పని బాగాలేదని ఎలా అనాలో తెలియలేదు అత్తయ్యగారూ. నిజానికి పని బాగానే ఉంది. చోటే బాగాలేదు."

చెంబుడు నీళ్లు తెచ్చి తలుపు అద్దం మీద పోశాడు. నీళ్లు అద్దం వెంట జారి, రబ్బరు పక్కనుంచి తలుపు లోపలికే దిగి, స్పీకర్ వెనకగా కారి, అడుగున ఉన్న కంతల్లోంచి నేల మీద పడ్డాయి.

"అద్దం మూసే ఉంటే తలుపులోకి నీళ్లేమిటి?" అందావిడ.

"అద్దం దిగే సందు ఉందిగా. వాన పడినా, కడిగినా దాని వెంట నీళ్లూ దిగుతాయి."

"మూడు పూతలు వేశాను కదా."

"పూత వేశాక నేను స్క్రూలకి కంతలు పెడతాను. కంత లోపల పూత ఉండదు. పీట అక్కడ్నించే నీళ్లు తాగుతోంది."

"పేరులోనే ఉందిగా పిన్నిగారూ," అన్నాడు నురగ, పొంగే అవకాశం వదలకుండా. "ఎండీ ఎఫ్. ఎండి ఉన్నంతవరకే దాని వైభవం."

ఇంకొకరైతే నీరుగారిపోయేవాళ్లు. ఆవిడ కొంగు బిగించింది. తన బల్ల మీదినుంచి ఎండీఎఫ్ ముక్క, ప్లైవుడ్ ముక్క తెచ్చి, అల్లుడు రింగులు కోసుకునే ప్లాస్టిక్ పలక పక్కన పరిచి వరసగా కొట్టి విన్నది.

"ప్లైవుడ్ అయితే?"

"మంచి రకమైతే కొన్నేళ్లు ఆగుతుంది. కంతలకీ పూత వేయాలి. ఒక్కటి మరిచిపోయినా మళ్లీ ఇదే కథ."

"మరిచేది మీరే కదా," అందావిడ. అతను కాదనలేదు. ఆవిడ ప్లాస్టిక్ పలకను మళ్లీ కొట్టింది. పలకగా ఉన్నప్పుడు దాని గొంతు మరీ పరాయిగా లేదు. బరువుగా, మొద్దుగా, తన దబ్‌కు పినతల్లి కూతురిలా ఉంది.

"సరే, సరుకు ఇదే. కానీ మీ కోత ఏమిటి, ఎలుక కొరికినట్టు? అంచు కుదురుగా లేకే గొంతు తేడాగా ఉంది. నా తలుపుల్లో ఇలాంటిది ఉండటానికి వీల్లేదు."

పలకను తన మెషిన్ కిందికి తోసింది. చెక్క అయితే పొట్టు రాలుతుంది. ఇది తీగలు సాగింది, తర్వాత కరిగి బ్లేడుకు అంటుకుంది. ఆవిడ ఆపి, బ్లేడు తుడిచి, వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. రెండో పలకకు దాని స్వభావం పట్టుబడింది. తెల్లటి రింగు అద్దంలాంటి అంచుతో బయటికి వచ్చింది. స్క్రూలకి కంతలు కూడా ఈసారి తనే పెట్టింది.

అల్లుడు దాన్ని తలుపుకు ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు. గోడ వైపు తిరగబోయి, ఆగి, అత్తగారి వైపే తిరిగాడు.

"ఇది కుదరదు అత్తయ్యగారూ. ఒక కంత పక్కకి జరిగింది."

అమ్మాయి కౌంటర్ దగ్గర్నుంచి లేచి నిలబడింది. నురగ కూడా చల్లారాడు.

"ఎటు?" అందావిడ.

"ఎడమకి. బియ్యపుగింజంత."

ఆవిడ చెవి వెనకనుంచి పెన్సిలు తీసి అతని చేతికిచ్చింది.

"అయితే గీత మీరే గీయండి. నేను గీత మీదే కోస్తాను. రేపు స్క్రూ దిగకపోతే తప్పు కోతది కాదు, గీతది."

"అలాగే," అని అతను కొత్త పలక మీదికి వంగాడు. ఆవిడ పక్కనే నిలబడి, "ఇంకాస్త ఇటు" అంది.

"కాదండీ, ఇటే," అన్నాడతను.