తేల్చేవాళ్ళూ ముంచేవాళ్ళూ

మా మావయ్య దర్జీ. కానీ ఆ మాటంటే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. తాను ఈగలు కట్టేవాణ్ణని చెప్పుకుంటాడు. ఈక ముక్కనూ రంగు దారాన్నీ గాలపు కొక్కేనికి చుట్టి అచ్చం ఈగలా తయారుచేస్తాడు. దాన్ని వాగులోకి విసిరితే చేప మోసపోయి కరవాలి. చేపలు మోసపోయిన దాఖలాలు తక్కువే గానీ, ఈకలన్నీ పోయి అత్తయ్య దిండ్లు మాత్రం చిక్కి సగమయ్యాయి.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఇంటర్నెట్లో ఫోరం పెట్టింది మావయ్యే. పెట్టిన నాటి నుంచీ అక్కడ ఒకటే రచ్చ: ఈగను నీళ్ళ మీద తేల్చాలా, లోపలికి ముంచాలా? తేల్చేవాళ్ళకు మావయ్య నాయకుడు. ముంచేవాళ్ళకు ఒక పళ్ళ డాక్టరు.

ఈ మధ్య సభ్యులు ఒక్కొక్కరే జారుకోవడంతో మావయ్యకు దిగులు పట్టుకుంది. వెబ్‌సైట్లు చేయడం నా ఉద్యోగం కాబట్టి నన్ను పిలిచాడు.

“చదవలేక కళ్ళు లాగేస్తున్నాయంటున్నారే అమ్మడూ. ఇది మూతపడితే నేనేమైపోవాలి? పొద్దస్తమానం మీ అత్తయ్యతోనే మాట్లాడుకోవాలి.”

“నాకు మాత్రం సరదానా?” అంది అత్తయ్య లోపలి నుంచి.

ఫోరం తెరిచి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. వెనకంతా వాగు ఫొటో. దాని మీద చీమ తలకాయలంత బూడిదరంగు అక్షరాలు. ఎవరేం రాసినా మొదటి వాక్యం ఫొటోలోని నల్ల బండ మీద పడి కనబడుతుంది, మిగతాదంతా తెల్ల నురుగులో కలిసిపోతుంది.

“ఎవడు మావయ్యా, ఈ దరిద్రం చేసింది?”

“నేనే.”

నాలుక కరుచుకుని పనిలో పడ్డాను. ఫొటో పీకేశాను. తెల్లటి పేజీ, నల్లటి పెద్ద అక్షరాలు, విడివిడిగా పేరాలు. చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

మర్నాడు వెళ్ళేసరికి మావయ్య మిషను ముందు నీరసంగా కూర్చుని ఉన్నాడు. ఎవరిదో చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాడు.

“నా కొంప తీశావే! అందరూ అన్నీ చివరిదాకా చదివేశారు.”

సంగతేమిటంటే, మావయ్య ఎప్పుడూ “ఈగను తేల్చాలి” అని మొదలుపెట్టి, ఎండెక్కాక మాత్రం ముంచాలని ముగించేవాడట. డాక్టరు “ముంచాలి” అని మొదలుపెట్టి, ఎండెక్కే ముందు మాత్రం తేల్చాలని ముగించేవాడట. ఇన్నేళ్ళూ బండ మీది వాక్యం చదివి ఒకర్నొకరు దుమ్మెత్తిపోసుకున్నారు. “అయితే మనమంతా ఒకటే అంటున్నామన్నమాట” అని డాక్టరు రాశాడు. ఆ తర్వాత ఫోరంలో చడీచప్పుడు లేదు.

“కలిసిపోయారుగా, సంతోషించు మావయ్యా.”

“కలిసిపోయినవాళ్ళు ఏం మాట్లాడుకుంటారే?” అన్నాడాయన. నాకు నిజంగానే జాలేసింది.

“పోనీ, పాతదే పెట్టేస్తాను.”

“తెలిసిపోయింది కదే. ఇప్పుడెంత చిన్నగా కనబడితే మాత్రం ఏం లాభం?”

అంతలో ఆయన ఫోన్ మోగింది. ఫోరంలో డాక్టరు మళ్ళీ రాశాడు: “ఈ అక్షరాలు పెట్టినవాళ్ళకు బుద్ధుందా? పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాడు నోరు తెరుచుకునే నా ఫోన్ చదివేస్తున్నాడు!”

ఎవరో వెంటనే అందుకున్నారు: “పెద్దవా ఇవి? ఇంకా పెద్దవి కావాలి!” తెలుపు కళ్ళలో పొడుస్తోందని ఇంకొకాయన. పేరాల మధ్య అంత ఖాళీ దండగని మరొకాయన. మానేసినవాళ్ళు కూడా నన్ను తిట్టడానికి పనిగట్టుకుని తిరిగొచ్చారు. భోజనాల వేళకి పెద్దక్షరాలవాళ్ళూ చిన్నక్షరాలవాళ్ళూ అని రెండు ముఠాలు తయారయ్యాయి.

మావయ్య మొహం వెలిగిపోయింది. “చూడవే, నిన్నెంత చక్కగా తిడుతున్నారో! కళ్ళజోడు లేకుండా చదివేస్తున్నాను!”

“నన్నంటుంటే వెనకేసుకురావా?”

“వస్తానే. నెమ్మదిగా వస్తాను. తొందరపడితే చల్లారిపోతుంది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే ఫోరంలో చేరి, డాక్టరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ జవాబు రాయసాగాను. మావయ్య నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

“నిదానం తల్లీ, నిదానం. అన్నీ ఇవాళే అనేయకు. రేపటికి కూడా కొంచెం ఉంచు.”