అమ్మమ్మ చేతులున్న డిస్కు

ఆదివారం పొద్దున అమ్మమ్మ చేతులు మాయమయ్యాయి.

డబ్బా ఉంది. నీలం ప్లాస్టిక్ డబ్బా, పైన హీరోయిన్ నవ్వుతున్న బొమ్మ. తెరిస్తే లోపల డిస్కు లేదు. మనవరాలు తూనీగ వెళ్ళి గేమ్ కన్సోల్ బటన్ నొక్కింది. అది సన్నగా మూలిగి, నోట్లోంచి ఓ డిస్కు బయటికి తోసింది. కార్ల రేసు.

"అమ్మమ్మా, సినిమా డిస్కు నువ్వు తీశావా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది.

"నేనెందుకు తీస్తానే? సాయంత్రం మా అక్క వస్తోంది!"

అమ్మమ్మ తడి చేతులతోనే హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. ఖాళీ డబ్బాని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత వేళ్ళతో తడిమింది.

పెళ్ళికి ముందు అమ్మమ్మ ఓ సినిమా కంపెనీలో బట్టలు కుట్టేది. ఈ డిస్కులోని సినిమాలో హీరో చొక్కాకి హీరోయిన్ గుండీ కుట్టే సీను ఒకటుంది. పాపం, హీరోయిన్‌కి సూది పట్టుకోవడమే రాదు. "కుట్టుపని చేసే ఆ అమ్మాయి చేతులు పెట్టండి" అన్నాడు దర్శకుడు. మండే లైట్ల కింద కూర్చుని, ఒకే గుండీని ఓ పూటంతా కుట్టి, తెంపి, మళ్ళీ కుట్టింది అమ్మమ్మ. తెర నిండా రెండు చేతులే. టైటిల్స్‌లో పేరు లేకపోయినా ఆమె ఏనాడూ బాధపడలేదు. బాధపెట్టింది సొంత అక్క.

"నీ చేతులేనని వాటి మీద రాసుందా?" అనేది పెద్దమ్మమ్మ. ఆవిడకి కోడిగుడ్డు మీద ఈకలు పీకడం చిన్నప్పటి నుంచీ అలవాటు. "టీవీలో ఎప్పుడొచ్చినా చూశాను. తడిసిన అద్దంలోంచి చూసినట్టుంటుంది. అవి చేతులో, చేపలో!"

"నా బొటనవేలి గోరు చూడు. చిన్నప్పుడు తలుపేసి చితక్కొట్టావుగా, నిలువునా గీత పడింది. ఇప్పటికీ ఉంది."

"ఆ గీత సినిమాలో చూపించు, ఒప్పుకుంటా."

ఈ పంచాయితీ వాళ్ళిద్దరి జుట్టూ నెరిసేదాకా నడిచింది. అంతలో ఆ పాత సినిమాని ఎవరో శుభ్రం చేసి హెచ్‌డీ డిస్కుగా తెచ్చారు. మనవరాలు ఆర్డరు పెట్టింది. కుదురుగా ఒక చోట కూర్చోదని తాతయ్య ఆమెకి తూనీగ అని పేరు పెట్టాడు. ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో.

డిస్కు వచ్చింది. ఆడించడానికి ఇంట్లో ఏమీ లేదు. అటక మీది పాత ప్లేయర్ దాన్ని మింగి, ఆలోచించి, ఉమ్మేసింది. షాపువాడు "ఇంకా ప్లేయర్లు ఎవరు కొంటున్నారండీ" అని నవ్వాడు. చివరికి ల్యాబులో తోటి ఉద్యోగిని చెప్పింది.

"మీ ఇంట్లో గేమ్ కన్సోల్ ఉందిగా? దాంట్లో పెట్టు. ఈ డిస్కులూ ఆడతాయి."

అప్పటిదాకా అమ్మమ్మ దృష్టిలో అది దండగమారి పెట్టె. కార్లు గుద్దుకోవడం, మనుషులు తుపాకులతో పరిగెత్తడం తప్ప దానికేం తెలుసని! కిందటి ఆదివారం దాంట్లో డిస్కు పెడితే, ముందు ఇంటర్నెట్ కావాలని అడిగింది. "సినిమా చూపించడానికి ఎవర్ని అడిగొస్తుందట?" అని గొణిగింది అమ్మమ్మ. అడిగొచ్చింది. బొమ్మ పడింది. హీరోయిన్ చీర అంచు మీద దారప్పోగులు కూడా లెక్కపెట్టేలా ఉంది.

రిమోట్ లేదు కాబట్టి గేమ్ ఆడే కంట్రోలరే అమ్మమ్మ చేతికిచ్చారు. స్టీరింగ్ పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుందామె. ఏదో బటన్ నొక్కింది. హీరో తల్లి జబ్బు పడకుండానే చచ్చిపోయింది.

"ఏం నొక్కావే!" అన్నాడు తాతయ్య.

"మీరు నొక్కండి, అంత తెలిస్తే!"

"నాకా బొమ్మల పెట్టె ముట్టుకోవడమే రాదు తల్లీ."

ఎలాగో గుండీ సీను దాకా వచ్చారు. తెర నిండా చేతులు. తూనీగ తెర వైపు కాదు, అమ్మమ్మ ముఖం వైపే చూస్తోంది. కానీ ఆమెకి తెలిసింది ఆకారమే. కళ్ళజోడు మీద అంతకుముందే తనే కూర్చుని విరగ్గొట్టుకుంది. పెట్టుకున్నది ఎప్పటిదో పాత జోడు. కొత్తది తాతయ్యే చేయాలి. వీధి చివర కళ్ళజోళ్ళ షాపు ఆయనదే. "నాకు సరిగా ఆనడం లేదు. కొత్త కళ్ళజోడు రానివ్వండి, అక్కని పిలిచి ఇద్దరం కలిసి చూస్తాం" అంది. అందరి ముందూ ఫోన్ చేసింది కూడా.

"వస్తా. నా కళ్ళకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు చీమకి ఎన్ని కాళ్ళో చెప్పగలను" అంది పెద్దమ్మమ్మ.

వారం గడిచింది. అద్దాలు రాలేదు. "తప్పు నంబరు పంపారు, వెనక్కి పంపేశా" అన్నాడు తాతయ్య. "సరే, అక్క కళ్ళతోనే చూస్తాను" అంది అమ్మమ్మ. ఇప్పుడు డిస్కే లేదు.

ఇల్లు పీకి పందిరేశారు. సోఫా కింద దువ్వెన దొరికింది. టీవీ వెనక తాతయ్య సాక్సు దొరికింది, ఒక్కటే. డిస్కు లేదు.

"ఇంకెవరు? అక్కే!" అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "శుక్రవారం గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. నేను టీ పెట్టి తెచ్చేదాకా హాల్లో ఒక్కతే కూర్చుంది. ఓడిపోతానని భయం."

"పెద్దమ్మమ్మకి కన్సోల్‌లోంచి డిస్కు తీయడం వచ్చా?"

"నా వేలు నలగ్గొట్టడం ఎవరు నేర్పారు దానికి?"

తూనీగ వెళ్ళి టీవీ ఆన్ చేసింది. కన్సోల్ తెర మీద, ఈ మధ్య వాడినవన్నీ వరసగా ఉంటాయి. అన్నిటికన్నా ముందు డిస్కు ప్లేయర్ ఉంది. దాని పక్కన 'నిన్న' అని ఉంది. నిన్న మధ్యాహ్నం తను ల్యాబులో ఉంది. అమ్మమ్మ బజారుకెళ్ళింది. అంటే శుక్రవారం వచ్చి వెళ్ళిన పెద్దమ్మమ్మ కాదు. దొంగ నిన్న తీరిగ్గా కూర్చుని సినిమా చూసి మరీ డిస్కు పట్టుకెళ్ళాడు. పోతూ పోతూ కంట్రోలర్‌ని చార్జింగ్‌కి పెట్టాడు. బుద్ధిమంతుడైన దొంగ.

టీవీ ఆపేసింది. నల్లటి తెర మీద కిటికీ వెలుగు ఏటవాలుగా పడింది. అప్పుడు కనిపించిందామెకి. ఎడమవైపు కింద, తెర మీద గుండ్రటి మరక. సీసా మూత కాదు, కప్పు అడుగు కాదు. సన్నటి అంచు, జిడ్డుగా. ఆ పక్కనే మరొకటి, సగం చెరిగిపోయి.

బాల్కనీలో తాతయ్య మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు. ఇంట్లో ఇంత గోల జరుగుతుంటే ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టున్నాడు.

"తాతయ్యా, నీ భూతద్దం ఒకసారి ఇస్తావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చేయి చటుక్కున చొక్కా జేబు మీదికి వెళ్ళింది. భూతద్దం మాత్రం ఎదురుగా బల్ల మీదే ఉంది. తూనీగ జేబుని చూసింది, బల్లని చూసింది. భూతద్దం తీసుకెళ్ళి తెర మీది మరకకి ఆనించింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

వెనక్కి తిరిగేసరికి తాతయ్య గుమ్మంలో ఉన్నాడు.

"నువ్వేనా?" అంది గొంతు తగ్గించి.

"ఊరుకో తూనీగా."

"ఎందుకు తాతయ్యా? ఆ సినిమా అంటే అమ్మమ్మకి ప్రాణం."

"అందుకే ఊరుకోమంటున్నా. ఈ ఒక్క సాయంత్రం గడిచిపోనీ."

ఆయన ముఖం చూసి ఆమె ఇంకేం అడగలేకపోయింది. జబ్బు ఉందని తేలిన రిపోర్టు పట్టుకుని ల్యాబు బెంచీ మీద కూర్చునేవాళ్ళు అలా ఉంటారు. లోపలికి వెళ్ళి చెప్పాలో, బయటికి వెళ్ళిపోవాలో తెలియక.

సాయంత్రం పెద్దమ్మమ్మ రానే వచ్చింది. బిస్కెట్ల పొట్లం, కొత్త చూపు, పాత నోరు.

"ఏదే నీ సినిమా? పెట్టు. కళ్ళల్లో వత్తులేసుకుని వచ్చాను."

"నువ్వే పెట్టు. నీ దగ్గరేగా ఉంది!"

"నా దగ్గరేముంది?"

"డిస్కు. గీత కనిపిస్తే ఒప్పుకోవాల్సొస్తుందని పట్టుకుపోయావు."

పెద్దమ్మమ్మ ముందు నవ్వింది. చెల్లెలు నవ్వడం లేదని గమనించాక ఆపేసింది.

"దొంగనంటున్నావా నన్ను?"

"అమ్మమ్మా, ఆగు. పెద్దమ్మమ్మ కాదు" అంది తూనీగ.

"నువ్వుండవే! చిన్నప్పటి నుంచీ ఇంతే. నాకంటూ ఒక్క గొప్ప ఉంటే అదీ మిగలనివ్వదు. రాణివాసాలు అడిగానా? సినిమాలో నా చేతులు ఉన్నాయి అన్నాను. అంతేగా! ఉన్నాయి అంటే నీ సొమ్మేం పోయింది?" అంది అమ్మమ్మ అక్క వైపు తిరిగి.

పెద్దమ్మమ్మ బిస్కెట్ల పొట్లం స్టూలు మీద పెట్టింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఒక చెప్పులో కాలు పెట్టింది.

"తలుపేసింది నేనే. వేలు నలిగింది నా వల్లే. కానీ దొంగతనం నాకు రాదు. ఇంక ఈ గడప తొక్కను."

రెండో చెప్పు ఎటో జరిగింది. దాని కోసం ఆవిడ కాలితో వెతుకుతుంటే తూనీగ తాతయ్య వైపు చూసింది. ఆయన అప్పటికే లోపలి గదిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మోకాలి ఎక్స్-రే కవరు ఉంది. దాన్ని వంచాడు. ఎక్స్-రే వెనకనుంచి మెరుస్తూ డిస్కు జారి బల్ల మీద పడింది.

తాతయ్య జేబులోంచి ఓ కళ్ళజోడు తీసి డిస్కు పక్కన పెట్టాడు. అద్దాలు తళతళలాడుతున్నాయి.

"వదినగారూ, చెప్పు విప్పండి. దొంగ మీరు కాదు, నేను" అన్నాడు.

"మీరా?" అమ్మమ్మ కుర్చీ పట్టుకుంది.

"నేనే. కూర్చో, చెప్తాను. మధ్యలో ఆపకు, ఆపితే మళ్ళీ చెప్పలేను. కిందటి ఆదివారం అంత పెద్ద తెర మీద చేతులు పడగానే నాకు అనుమానం వచ్చింది. అద్దాలు తప్పు నంబరు వచ్చాయన్నాను చూడు, అబద్ధం. సోమవారమే తయారయ్యాయి. వారం నుంచీ నా జేబులోనే ఉన్నాయి. చూపు ఆనడం లేదని నువ్వు గోడలు పట్టుకుని నడుస్తుంటే పక్కనుంచి చూశాను. ఈ వృత్తిలో ఇలాంటి పని నేనెప్పుడూ చేయలేదు. నిన్న నువ్వు బజారుకెళ్ళాక డిస్కు పెట్టాను. చేతుల దగ్గర బొమ్మ ఆపాను. భూతద్దం ఆనించాను, రంగు చుక్కలే కనిపించాయి. తీసేసి రెండడుగులు వెనక్కి జరిగాను. అప్పుడు కనిపించింది. బొటనవేలి గోరు. నున్నగా ఉంది. దాని మీద గీత లేదు. అవి నీ చేతులు కావు.

"నువ్వు కుట్టావు, నిజం. వాళ్ళు తీశారు, నిజం. తర్వాత ఎందుకో ఇంకెవరినో కూర్చోబెట్టి మళ్ళీ తీసుంటారు. నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ దర్శకుడికి చేతులు చూడ్డం రాదు. నాకు వచ్చు. నువ్వు విరిగిన కళ్ళజోడు పట్టుకుని మొదటిసారి నా షాపుకి వచ్చినప్పుడు, కౌంటర్ మీద నేను ముందు చూసింది ఆ గోరునే. తర్వాతే నీ ముఖం చూశాను. ఇన్నేళ్ళుగా నా చొక్కాలకి గుండీలు కుట్టింది ఆ చేతులే. కుట్టాక దారం పళ్ళతో కొరికేదానివి, నా గుండె దగ్గర వంగి. అది ఏ కెమెరాకీ తెలియదు. నేను ఒక్కడినే చూశాను.

"వదినగారి కొత్త కళ్ళకి గీత లేదని ఇట్టే తెలిసిపోతుంది. నీ కొత్త కళ్ళజోడుకీ తెలిసిపోతుంది. నీకున్న ఆ ఒక్క గొప్ప నా ఇంట్లో, నా అద్దాల్లోంచి విరిగిపోవడం చూడలేకపోయాను. అందుకే రెండూ దాచాను. ఇందాక నువ్వు అక్కని అన్న మాటతో నా ప్రాణం పోయింది. సినిమా పోతే పోయింది, మీరిద్దరూ విడిపోకూడదు.

"ఇదిగో కళ్ళజోడు. ఇదిగో డిస్కు. పెట్టుకున్నాక ముందు నన్ను చూడు, తిట్టాలనుంటే తిట్టు. ఆ తర్వాత సినిమా చూస్తానంటే నేనే పెడతాను. ఆ బొమ్మల పెట్టె ముట్టుకోవడం రాదన్నది కూడా అబద్ధమే. ఏ బటన్ నొక్కాలో నాకు తెలుసు."