మెడలో వేసిన తెల్లగుడ్డ

పరాయి దేశం వెళ్ళడం నాకు అదే మొదటిసారి. మా కంపెనీలో ప్రింటింగ్ మిషన్లు బిగించేవాళ్ళం ఏడుగురం ఉంటే, మంచుకొండల మధ్య ఉన్న ఆ చిన్న దేశానికి నన్ను పంపారు. వారం రోజుల ముందునుంచీ నేను నేలమీద నడిస్తే ఒట్టు. కనబడిన ప్రతివాడికీ పాస్‌పోర్టు చూపించాను. "మిషను సంగతి సరే, మనుషుల సంగతి కూడా కాస్త చూసుకోండి. అసలే మీ నోరు మంచిది కాదు," అని మా ఆవిడ మరీ మరీ చెప్పింది. పాపం, నా నోటి గురించే భయపడింది. చేతుల గురించి ఇద్దరికీ తోచలేదు.

స్కూలు పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు అది. యజమానురాలు డెబ్భై దాటిన పెద్దావిడ. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురొచ్చి, రెండు చేతుల మీదా పరిచిన పొడవాటి తెల్లటి పట్టుగుడ్డను నా మెడలో వేసి తల వంచింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. మన సన్మానాల్లో కప్పే శాలువా లాంటిదేననుకుని నేనూ పెద్ద నాయకుడిలా చెయ్యి ఊపాను. మన భాష తెలిసినవాడు అక్కడ ఒక్కడే, ఇరవయ్యేళ్ళుగా ఆ ఊరి బళ్ళో లెక్కలు చెబుతున్న మాస్టారు. ఆయన మర్నాడుగానీ రారు. అంతవరకూ అన్నీ సైగలే.

శాలువా ఎంతసేపని కప్పుకుంటాం? తీసి మిషను పిడికి తగిలించి పనిలోకి దిగాను. సాయంత్రం నాలుగింటికి ఇంకు రోలరు ఒకటి బిగుసుకుపోయి కదలనంది. నాకు కోపం వస్తే కళ్ళు కనబడవు. దాన్నీ, దాన్ని తయారుచేసినవాణ్ణీ, వాడి ఏడు తరాలనూ తిడుతూ లాగుతుంటే మోచేతుల దాకా గ్రీజు. మా పనిలో అందిన గుడ్డే చేతిగుడ్డ. చేతులు తుడుచుకున్నాను. రోలరు తుడిచాను. మళ్ళీ చేతులు తుడుచుకుంటూ చూస్తే, అది ఆ పట్టుగుడ్డ.

అయ్యో అనిపించింది. అదీ ఒక్క క్షణమే. పోనీలే, గుడ్డేగా అనుకుని, ఉండచుట్టి చెత్తడబ్బాలో పడేశాను. తలెత్తితే ఎదురుగా ప్రెస్సు ఊడ్చే ఆవిడ, చీపురు పట్టుకుని. నన్ను చూసి చప్పున చూపు దించుకుంది. చూస్తే చూసిందిలే, నన్నేం చేస్తుంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చారు. మన మాట వినబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమయ్యా, ప్రయాణం బాగా జరిగిందా? నిన్న పెద్దావిడ నీ మెడలో వేసిన గుడ్డేదీ? మిషను తిప్పే ముందు దానికి కట్టాలంటోంది."

"అదెందుకండీ?"

"ఇక్కడి పద్ధతి. గౌరవంగా చూసుకునే మనిషి మెడలో వేస్తారు. కింద పెట్టరు, పారెయ్యరు. ఒకరికి వేసింది దాచుకుని ఇంకొకరికి వేస్తారు. ఈ ప్రెస్సు తెరిచిన రోజున ఆవిడ భర్త మెడలో వేసింది అదేనట. ఆయన పోయాక పెట్టెలో దాచింది. ఇన్నాళ్ళకి తీసి నీకు వేసింది. నువ్వే చూసుకో!"

"మేడమీద నాకిచ్చిన గదిలో ఉందండీ," అన్నాను.

గదికి వెళ్తున్నట్టు వెళ్ళి, వెనకనుంచి చెత్తడబ్బా దగ్గరికి పరుగెత్తాను. ఖాళీ. తిరిగొచ్చి, "గదిలోనే పెట్టాను, కనబడటం లేదండీ," అన్నాను.

నేను కాక నా గది తాళంచెవి ఉన్నది ఊడ్చే ఆవిడ దగ్గరే. అందరి చూపూ ఆవిడ మీదికే వెళ్ళింది. ప్రెస్సు మేనేజరు నేరుగా వెళ్ళి, గోడకి తగిలించి ఉన్న ఆవిడ సంచి తెచ్చి బల్లమీద బోర్లించాడు. అన్నం డబ్బా, దువ్వెన, దగ్గుమందు సీసా, ఒక కాగితం పొట్లం. పొట్లంలో ఆ గుడ్డ. చక్కగా ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంది. నాకు తిరిగి ఇవ్వడానికే తెచ్చిందని నాకు అర్థమైంది. నాకొక్కడికే అర్థమైంది.

పెద్దావిడ ముఖం పాలిపోయింది. మెల్లగా ఏదో అంది. మాస్టారు గొంతు తగ్గించి నాకు చెప్పారు.

"పదకొండేళ్ళుగా ఇక్కడే పనిచేస్తోందట. రేపట్నుంచి రావద్దంటోంది."

ఊడ్చే ఆవిడ నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఇతనే పారేశాడని వేలెత్తి చూపించినా బాగుండేది.

"ఆవిడ ఏమీ అనదేమండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"ఏమంటుంది? ఇంటికొచ్చినవాణ్ణి పదిమందిలో మాట పడనివ్వరయ్యా వీళ్ళు. నీ ముందు వాదించడానికి ఆవిడకి సిగ్గు."

ఆవిడకి సిగ్గట! తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడ దువ్వెన, మందు సీసా ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటోంది. నిజం నా గొంతుదాకా వచ్చింది. అంతలోనే నా పాస్‌పోర్టు చూసిన జనమంతా కళ్ళముందు వరసకట్టారు. నోరు తెరిచాను.

"నేనే ఇచ్చానండీ ఉతికి పెట్టమని. ఇంకు చుక్క పడింది, అలా వదిలేస్తే మర్యాద కాదు కదా. ప్రయాణం బడలికలో మరిచేపోయాను."

అంత నున్నగా ఎప్పుడూ అబద్ధమాడలేదు. మాస్టారు అది వాళ్ళ భాషలో చెప్పేసరికి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్దావిడ ఊడ్చే ఆవిడ చేతులు రెండూ పట్టుకుని ఏదో అంటూ కళ్ళు ఒత్తుకుంది. మిగిలిన సామాను మేనేజరే సంచిలో పెట్టి ఇచ్చాడు. తర్వాత అందరూ నావైపు తిరిగారు.

"పరాయివాడైనా మన గుడ్డని ఎంత అపురూపంగా చూసుకున్నాడో అంటున్నారయ్యా. మంచి ఇంట్లో పుట్టినవాడివట!" మాస్టారు మురిసిపోయారు.

చెంపమీద కొట్టినా అంత మండేది కాదు. ఆవిడ పని నిలబెట్టానుగా అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. మనసు వినలేదు. పోగొట్టబోయింది కూడా నేనే.

పెద్దావిడ ఆ గుడ్డ ఊడ్చే ఆవిడ చేతికే ఇచ్చి, మిషనుకి కట్టమంది. ఆవిడ కట్టింది. కట్టి, మొట్టమొదటిసారి నా ముఖంలోకి చూసి నెమ్మదిగా రెండు మాటలంది.

మాస్టారు నవ్వారు. "నువ్వు చెప్పినట్టే ఉతికిందట. రెండుసార్లు సబ్బు పెట్టినా అంచున ఒక మరక పోలేదట. క్షమించమంటోంది."

అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. అప్పటికైనా మించిపోయింది లేదు.

"పరవాలేదని చెప్పండి," అన్నాను.

మాస్టారు చెప్పారు. ఆవిడ తల వంచి నాకు దణ్ణం పెట్టింది.